మబ్బుకో బిళ్ళ

కల్లంలో మిరపకాయలు ఆరుతుండగా మబ్బు పట్టింది. నడుం ఆపరేషనయ్యాక కిందపడ్డ తువ్వాలు కూడా వంగి తీయని యలమందయ్య, పరుగున పోయి కాయల మీద పట్టాలు కప్పేశాడు.

చినుకు పడకుండానే మబ్బు తేలిపోయింది. ఆయన చతికిలబడి, "నొప్పికిచ్చిన ఆ మత్తుబిళ్ళ ఇటియ్యవే" అన్నాడు.

"కుర్రాడిలా వంగారుగా, ఇంకా నొప్పేంటి?" నవ్వింది భార్య కోటిరత్నం.

"నొప్పి పోయి చాన్నాళ్ళయింది."

"మరి బిళ్ళెందుకు?"

నడుం మీది చెయ్యి మెల్లగా గుండె మీదికొచ్చింది. "మొదట్లో మబ్బు పడితే దడొచ్చేది, బిళ్ళేస్తే తగ్గేది. ఇప్పుడు బిళ్ళ లేకపోతే మంచి ఎండలోనూ దడే."

కోటిరత్నం నవ్వు ఆగింది. కొంగుముడి విప్పి బిళ్ళల అట్ట చూసుకుంది. ఇందాక మబ్బు పట్టగానే తనూ ఒకటి మింగింది.

"రేపు డాక్టరు దగ్గరికి పోదాం" అంది. "ఇద్దరం చూపించుకుందాం."