అంతే కదమ్మా

తిరుపతిలో మా పక్కింట్లోకి కొత్తగా దిగినారు ఇళంగో వాళ్ళు. వాడికి తెలుగు రాదు, నాకు అరవం రాదు. పదో తరగతి చదివినన్నాళ్ళూ మిద్దె మీద నుంచి నవ్వుకోవడమే మా మాటలు.

నాయన కనిపెట్టేసినాడు. కొడతాడనుకుంటే, "భయమెందుకమ్మా? ఇంటికి పిలువు. మన ఎస్టీడీ బూత్‌లో దినామూ మాట్లాడేది అరవమే కదా, నేను మాట్లాడతా" అన్నాడు.

ఇళంగో గడప దగ్గర జంకితే నేనే చెయ్యి ఊపి లోపలికి పిలిచినాను. అమ్మ కలిపిన కాఫీ చేతికిచ్చినాను. నాయన వాడి భుజం తట్టి, నవ్వుతా అరవంలో ఏందో చెప్పినాడు. నా వైపు తిరిగి తెలుగులో "అంతే కదమ్మా?" అన్నాడు.

"ఔను నాయనా" అన్నాను తల ఊపుతా, నవ్వు ఆపుకోలేక.

ఇళంగో కాఫీ గ్లాసు కింద పెట్టేసి వెళ్ళిపోయినాడు. మళ్ళీ మిద్దె ఎక్కలేదు.

వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోయినాకే, బూత్‌లో కూర్చుని అరవం నేర్చుకున్న మా అమ్మ నోరు విప్పింది.

"ఆ పొద్దు మీ నాయన వాడితో, 'నువ్వట్లా సూస్తా ఉంటే మా పాపకు రోతగా ఉండాదంట, చెప్పలేక నన్ను చెప్పమనింది' అన్నాడు. నువ్వేమో నవ్వుతా ఔనంటివి."