గుండ్రటి పీట

చనిపోయిన నా భార్య సైన్యాన్ని కొత్త రూల్స్ రాసినవాళ్ళు నాశనం చేశారు. బల్లమీద ఆడే బొమ్మల యుద్ధంలో ఇక సైనికులు బారులు తీరకూడదట. కాళ్ళకింద అతికించిన గుండ్రటి పీటలమీద విడివిడిగా నిలబడాలట.

ఆమె రంగులేసిన మరుగుజ్జు ఈటెగాళ్ళవి నలుచదరపు పీటలు. బామ్మర్ది ఒకడి పీట కోసేసి, గుండ్రటిది అతికించాడు. బొమ్మ బోర్లా పడింది.

“బరువంతా ఈటెలోనే ఉంది బావా. అక్క లెక్క తప్పిందా?”

“తప్పలేదు. ఆ ఈటె పక్కవాడి భుజమ్మీద ఆనాలి.”

“పాత రూల్ పోయింది కదా. ఇక ఎవడి కాళ్ళమీద వాడు నిలబడాల్సిందే.”

“పక్కన మనిషి పోయాక ఎలా నిలబడతాడురా?”

బామ్మర్ది రంపం కింద పెట్టాడు. బొమ్మవంక కాదు, నావంక చూశాడు.

“బావా...”

“బొమ్మ సంగతి చెప్పాను.”

పాత పీటే అతికించి, వాణ్ణి మళ్ళీ బారులో పెట్టాను. ఈ విషయం ఇంకెప్పుడూ మాట్లాడను.