మూడు గంటల బేరం

ఆ పెద్దావిడ ఆ రోజు కూడా ఒక్క చీరైనా కొనకుండానే లేచింది.

గంటసేపు చీరలు విప్పించి చూసింది. చూసిన ప్రతి చీరనూ తనే మడత పెట్టింది. రేపొస్తానని చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

“బిందూ, మీ చుట్టం వెళ్ళిందా?” పక్క కౌంటరు నుంచి రచన అడిగింది.

మిగతా అమ్మాయిలు నవ్వారు. బిందుమాధవికి నవ్వే ఓపిక లేదు.

గుంటూరులోని ఆ బట్టల షాపులో ఆమెది మంగళగిరి నూలు చీరల కౌంటరు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడాలి. అమ్మాయిలకు కుర్చీలు లేవు. బేరం వచ్చి ఎదురుగా పరుపు మీద కూర్చుంటేనే తామూ కూర్చుని చీరలు పరచాలి. లేదంటే నిలబడే ఉండాలి. ఎవరు కూర్చున్నా పై గదిలో కెమెరా చూసేవాళ్ళకు తెలిసిపోతుంది.

పట్టుచీరల వాళ్ళయితే కూర్చుని కొంటారు. నూలు చీరల వాళ్ళు నిలబడే ఎంచుకుని పోతారు.

బిందుమాధవికి ఐదో నెల. షాపులో ఎవరికీ చెప్పలేదు. చెబితే మర్నాటి నుంచే రావద్దంటారు. చీమకుర్తి గ్రానైట్ యూనిట్లో చెయ్యి నలిగి భర్త మూడు నెలలుగా ఇంట్లోనే ఉన్నాడు. ఎలాగైనా ఏడో నెల దాకా నెట్టుకు రావాలని ఆమె లెక్క.

కిందటేడు నాలుగో నెలలో ఒకసారి కడుపు పోయింది. ఈసారి డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. పనిలో గంటకోసారైనా కాసేపు కూర్చోమంది, నీళ్ళు బాగా తాగమంది. బిందుమాధవి అన్నిటికీ తల ఊపి వచ్చింది.

పెద్దావిడ రోజూ మూడింటికి వచ్చేది. పరుపు అంచు పట్టుకుని మెల్లగా కూర్చునేది. పైనుంచి పరిస్తే తనకు కనపడదని, బిందుమాధవిని ఎదురుగా కూర్చోమనేది. చీరలన్నీ ఒకేసారి తెచ్చి పెట్టుకోమనేది. మంచినీళ్ళు అడిగి తెప్పించుకుని, రెండు గుక్కలు తాగి, మిగతావి ఇంకో గ్లాసులో పోయించి బిందుమాధవి చేతే తాగించేది.

బిందుమాధవికి విసుగ్గా ఉండేది. తన ఎదుటే వేరే బేరాలు పక్క కౌంటర్లకు వెళ్ళిపోయేవి.

ఒకరోజు పెద్దావిడ ఎర్ర అంచు చీర మడత పెడుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

“ఎన్నో నెలమ్మా?”

బిందుమాధవి పమిట సర్దుకుంది.

“అలాంటిదేం లేదండి.”

పెద్దావిడ మడత సరిచేసి పక్కన పెట్టింది.

“నిలబడక తప్పనప్పుడు రెండు కాళ్ళ మీదా ఒకేలా నిలబడమాకు. కాలు మార్చుకుంటా ఉండు. మడమలు లేపుతా దించుతా ఉండు. చీర చాటున ఎవురికీ కనపడదులే.”

ఆవిడ వెళ్ళిపోయాక బిందుమాధవికి భయం పట్టుకుంది. ఈవిడ కనిపెట్టింది. రేపు ఎవరితోనైనా అంటే, తన పని పోయినట్టే.

సాయంత్రం తనే సూపర్‌వైజర్ నాగేంద్రబాబు దగ్గరికి వెళ్ళింది. నెల రోజులుగా ఆవిడ ఒక్క చీరా కొనలేదనీ, ఆవిడ వల్ల బేరాలు పోతున్నాయనీ చెప్పింది.

“ముందే చెప్పొద్దా అమ్మా?” అన్నాడు నాగేంద్రబాబు.

మర్నాడు మూడింటికి ఆయన పెద్దావిడను గుమ్మంలోనే ఆపాడు. ఏమన్నాడో అద్దాల వెనక ఉన్న బిందుమాధవికి వినపడలేదు. ఆవిడ ఒకసారి కౌంటరు వైపు చూసి, కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ పక్కకు తిరిగి దిగింది.

ఆ వారం మిర్చి అమ్ముకుని వినుకొండ వైపు నుంచి పెళ్ళివాళ్ళు చాలామంది వచ్చారు. షాపులో ఊపిరాడలేదు. బిందుమాధవి కౌంటరులో అమ్మకాలు పెరిగాయి. నాగేంద్రబాబు అందరి ముందూ మెచ్చుకున్నాడు.

పెద్దావిడను ఆపిన పదో రోజుకు బిందుమాధవి పాదాలు చెప్పుల్లో పట్టలేదు. పదమూడో రోజు చీర పరుస్తూ కళ్ళు తిరిగి కౌంటరు మీదికే ఒరిగిపోయింది.

డాక్టరమ్మ బీపీ రెండుసార్లు చూసింది. బిడ్డకు ఇప్పటికి ఫరవాలేదంది. ఇక కాన్పు దాకా పని మాట ఎత్తొద్దంది.

“పోయిన నెల వచ్చినప్పుడు బాగానే ఉన్నావే. కాళ్ళవాపు కూడా లేదు. రోజూ కాసేపు కూర్చుంటున్నావనుకున్నా. ఎందుకు మానేశావు?”

తనను ఎవరూ కూర్చోనివ్వలేదని చెప్పబోయింది బిందుమాధవి.

పరుపు అంచు పట్టుకుని కూర్చునే పెద్దావిడ గుర్తొచ్చింది.

యూనిఫాం చీరలు తిరిగి ఇవ్వడానికి మూడు రోజుల తర్వాత షాపుకు వెళ్ళింది.  ఆమె కౌంటరులో అప్పటికే కొత్త అమ్మాయి నిలబడి ఉంది.

మెట్ల కింద అల్లాబక్షు చీరలకు ఫాల్స్ కుడుతున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన ఆ షాపుకే కుడుతున్నాడు. బిందుమాధవి కాసేపు నిలబడి, మూడింటికి వచ్చే పెద్దావిడ మళ్ళీ ఎప్పుడైనా కనిపించిందా అని అడిగింది.

“వెంకటరావమ్మ గారా? ఆపిన రోజు కాసేపు ఇక్కడే కూర్చున్నారు. మళ్ళీ రాలేదు. ఇల్లెక్కడో నాకూ తెలియదమ్మా.”

“ఒక్కటి కూడా కొనలేదు బాబాయ్ ఆవిడ. నేనే చెప్పి ఆపించాను.”

అల్లాబక్షు దారం కొరికి, చీర పక్కన పెట్టాడు.

“ఆవిడ కొనడానికి వచ్చేవారు కాదులేమ్మా,” అన్నాడు. “ఈ కొత్త షాపు కట్టకముందు, పాత కొట్టులో నీ నూలు చీరల కౌంటరు ఆవిడదే, ఇరవై రెండేళ్ళు అక్కడ నిలబడ్డారు, ఒక్క కడుపూ నిలవలేదు.”