పాతకాలపు రైతు దర్జా

చెంచయ్య మాల్యాద్రి జుట్టు పట్టుకుని, గోడమీది ఫోటోకేసి మొహాన్ని మోదాడు. అద్దం భళ్ళున పగిలి, ముసలాడి నుదుటి నుంచి నెత్తురు ధారకట్టింది. ఫోటో ఊడి కింద పడింది.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన సంబరానికి ఆత్మకూరు బడిలో పెట్టిన ప్రదర్శన అది. ఉదయగిరి కోట ఫోటోలు, తుప్పు పట్టిన కత్తులు, ఫిరంగి గుండ్లు, దొరల కాలంనాటి బిళ్ళలు. మన గతం ఎంత గొప్పదో వచ్చి చూడమని హెడ్మాస్టరు వెంకటరమణయ్య ఊరంతా దండోరా వేయించాడు. జనం బాగానే వచ్చారు. ఇప్పుడు అంతకంటే మంచి తమాషా దొరికేసరికి గోడల వంక చూసేవాడు లేడు.

ఆ ఫోటోలో తలపాగా చుట్టి, కళ్ళు విప్పార్చి, కుర్చీలో నిటారుగా కూర్చున్న మనిషి చెంచయ్య తండ్రి వీరరాఘవులు. చెంచయ్య తల్లి కడుపులో ఉండగానే పోయాడు. ఇందాక తల్లి మాలకొండమ్మ గుర్తుపట్టి ఏడ్చేదాకా చెంచయ్యకు తండ్రి మొహమే తెలియదు. కుర్చీ వెనక నిలబడింది, ఆయన వెంట ఉదయగిరి పోయి ఒక్కడే తిరిగొచ్చిన మాల్యాద్రి. కింద ‘పాతకాలపు రైతు దర్జా’ అని హెడ్మాస్టరు గుండ్రటి అక్షరాలతో రాసి అంటించాడు.

“కలరా వచ్చి సచ్చినాడంటివే. ఉదయగిరిలోనే కాలబెట్టి వచ్చినానంటివే. మా నాయన రాయి మాదిరి కూర్చోనుండాడు గదరా. నీ చెయ్యి యాడుండాదో చూడు.”

మాల్యాద్రి చెయ్యి వీరరాఘవులు మెడ వెనక ఉంది. వేళ్ళు గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. జనం తొంగి చూసి, నిజమే సుమా అనుకున్నారు.

“కలరానే నాయనా. చెప్పేది ఇను” అన్నాడు మాల్యాద్రి.

ఇన్నేళ్ళూ విన్నది చాలనుకున్నాడు చెంచయ్య. బల్లమీది ఫిరంగి గుండు తీసి భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. అడ్డం వచ్చిన హెడ్మాస్టరును ఒక్క తన్ను తన్నితే, ఆయన బిళ్ళల మీద వెల్లకిలా పడ్డాడు.

“నా పసుపు కుంకాలు తుడిచినోడు వాడే. వదలొద్దురా” అంది మాలకొండమ్మ.

మాల్యాద్రి పగిలిన అద్దం మీద పాకుతూ పోయాడు. తలనుంచి కారే నెత్తురు తుడుచుకోలేదు. తడిసిపోతున్న ఫోటోను పక్కకు లాగబోయాడు. సాక్ష్యాన్ని చింపెయ్యబోతున్నాడనుకున్న చెంచయ్యకు ఒళ్ళు మండింది. గుండు రెండు చేతులా ఎత్తి నడినెత్తిన వేశాడు.

ముసలాడు మళ్ళీ కదల్లేదు.

అప్పుడొచ్చాడు ఫోటోల మస్తానయ్య. తాను ఊళ్ళో లేనప్పుడు హెడ్మాస్టరు ఉదయగిరి ఫోటోల పెట్టె మొత్తం పట్టుకుపోయాడని తెలిసి, రొప్పుతూ వచ్చాడు. జనాన్ని తోసుకుని, ముందుగా ఫోటోనే చూశాడు.

“ఎవురయ్యా దీన్ని తగిలించింది? శుభమా అని రాష్ట్రం వస్తే శవం బొమ్మ పెడతారా?”

తను ఆ రోజు కోట బొమ్మలు తియ్యడానికి పోయి సత్రంలో దిగాననీ, కలరా శవమని ఒక్కడూ దగ్గరికి రాలేదనీ, ఫోటోలో మూసిన రెప్పల మీద కుంచెతో కళ్ళు తానే దిద్దాననీ చెప్పాడు.

చెంచయ్య ఫోటోకేసి వేలు చూపించాడు. “మరి ఆ చెయ్యి?” అన్నాడు.

“సచ్చినోడి తల నిలస్తుందా? ఈయనే పట్టుకోనుండాడు.”

అంటూనే మస్తానయ్య వంగి, కింద పడ్డ మనిషి తలను ఒళ్ళోకి తీసుకున్నాడు. అది పక్కకు వాలిపోయింది.

“ఫోటో ఇద్దామని పోతే ఆ ఇంటోళ్ళు వాకిలి తియ్యలేదంట. నా దగ్గిరే పెట్టిపోయినాడు. పుట్టబోయే బిడ్డకు నాయన మొగం తెలియాలని తీపించినాడు పాపం. ఆ బిడ్డ యాడుండాడో, ఇంతవరకూ వచ్చి అడగనేలేదు.”