ముప్పై ఆరున్నర జ్వరం

"నాకు జ్వరం వచ్చింది అపూర్వా. కంకిపాడు మీరిద్దరూ వెళ్ళి రండి," అన్నాడు ఉదయభాస్కర్, దుప్పటి మీదికి లాక్కుంటూ.

కంకిపాడులో అపూర్వ పెద్దమ్మ కొడుకు హర్షవర్ధన్ గృహప్రవేశం. పెళ్ళయి ఏడాది తిరగలేదు, కొత్త అల్లుడు రాకపోతే చుట్టాలు తలో మాటా అంటారని అపూర్వ బెంగ. భోజనాలూ కబుర్లూ అయ్యేసరికి మధ్యాహ్నం క్రికెట్ ఫైనల్ కాస్తా అయిపోతుందని ఉదయభాస్కర్ బెంగ.

"ఉండండి, చూద్దాం," అంటూ అత్తగారు హైమవతి థర్మామీటరు తెచ్చి అల్లుడి నోట్లో పెట్టింది. జ్వరం ఉంటే కదా, చూపించడానికి.

అది కూత పెట్టింది. హైమవతి కళ్ళజోడు సర్దుకుని చూసింది. ఆవిడ మొహం మారిపోయింది.

"ముప్పై ఆరున్నరే ఉందమ్మాయ్. తొంభై ఎనిమిది ఉండొద్దూ? అల్లుడుగారికి ఒళ్ళు చల్లబడిపోతోంది."

ఉదయభాస్కర్ ఓరకంట చూశాడు. అంకె పక్కన చిన్న సి అక్షరం. సెంటిగ్రేడ్. అంటే తను నిక్షేపంలా ఉన్నాడు. ఆ మాట చెబితే కంకిపాడు, చెప్పకపోతే ఫైనల్. పొద్దున్నే రాగం తీసి పద్యాలు పాడుకునే రిటైర్డ్ టీచరు, తెలుగే చెప్పి ఉంటుంది, ఈ గొడవలేం తెలుస్తాయిలే అని ఆవిడ మీద కాస్త జాలి కూడా పడ్డాడు.

"అవునండీ అత్తయ్యగారూ, వణుకొస్తోంది," అన్నాడు నీరసంగా. "నేను పడుకుంటాను. మీరు బయల్దేరండి."

"మిమ్మల్నిలా వదిలేసి ఎలా వెళ్తామండీ? ముందు ఒంట్లో వేడి పుట్టించాలి."

ఏసీ ఆగిపోయింది. ఆ వెనకే ఫ్యానూ ఆగింది. రోహిణి కార్తెలో, బెజవాడలో, కిటికీలన్నీ మూసేశారు. ఒంటి మీద రగ్గులు, తలకి మంకీ క్యాప్, పొట్ట మీద వేడినీళ్ళ సంచీ వచ్చి చేరాయి. గ్లాసు నిండా శొంఠి కషాయం తాగించి, దాని మీద పొగలు కక్కే మిరియాల చారు పోశారు. అపూర్వ కంగారుగా అరికాళ్ళు రుద్దుతోంది. చెమట చెవుల్లోకి కారుతున్నా అతను ఫైనల్‌ని తలుచుకుని ఓర్చుకున్నాడు.

"టీవీ కాస్త ఈ గదిలోకి..." అన్నాడు చివరికి.

"అబ్బే, టీవీ చూస్తే తల తిరుగుతుందండీ. సాయంత్రం దాకా ఇలాగే పడుకోండి. ఇంకో గ్లాసు కషాయం తెస్తాను."

ఉదయభాస్కర్ రగ్గులు తన్నేసి లేచాడు.

"తగ్గిపోయిందండీ. పదండి, కంకిపాడు వెళ్దాం."

హైమవతి థర్మామీటరు మీది చిన్న మీట నొక్కి, మళ్ళీ పెట్టి చూసింది. "తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. హమ్మయ్య, వచ్చేసింది."

కారులో ఏసీ చల్లగా మొహానికి తగులుతుంటే ఉదయభాస్కర్‌కి ప్రాణం లేచొచ్చింది. పోరంకి దాటేసరికి ఫైనల్ మీద బెంగ కూడా సగం తీరిపోయింది. అపూర్వ మొహం వెలిగిపోతుంటే చూసి అతనికీ సంతోషమేసింది.

హర్షవర్ధన్ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "ఇంత ఆలస్యమేంటి పిన్నీ?"

"అల్లుడుగారికి ఒళ్ళు చల్లబడిందిరా. ముప్పై ఆరున్నరకి పడిపోయింది. వేడి చేసి తీసుకొచ్చాం," అంది హైమవతి చెప్పులు విప్పుతూ.

హర్షవర్ధన్ పగలబడి నవ్వి ఉదయభాస్కర్ భుజం మీద చెయ్యి వేశాడు.

"అయిపోయారు బావగారూ. సెంటిగ్రేడ్‌ని ఫారెన్‌హీట్‌లోకి మార్చడం రాలేదని స్కూల్లో మా సైన్సు టీచరుగా నాచేత ఏడాదంతా గోడకుర్చీ వేయించింది ఈవిడే."