అమోస్ తాత రివాల్వర్

“ఆ తుపాకుల నిపుణుడూ వద్దు, ఏమీ వద్దు. నేరం ఒప్పేసుకోరా నాన్నా. తక్కువ శిక్షతో పోతుంది,” అంది వెర్నా.

జైలు ములాఖత్ గదిలో బల్లకి అటువైపు కూర్చున్న టకర్, తల్లి మొహంలోకి చూశాడు.

“చెయ్యని నేరం ఒప్పుకోమంటావా?”

పక్కనే కూర్చున్న లాయరమ్మ ప్రూయిట్‌కి కూడా అర్థం కాలేదు. “అవసరమేముందండీ? ఒకసారి జైలుకెళ్లొచ్చినవాడి దగ్గర తుపాకీ ఉండకూడదు, నిజమే. కానీ 1899కి ముందు తయారైన పాత తుపాకులకి ఆ నిషేధం లేదు. మీవాడి దగ్గర దొరికింది అంతకంటే పాతదేగా?”

“పాతదా?” నవ్వాడు టకర్. “మా తాతకి తాత అమోస్, అశ్వికదళంలో నడుముకి కట్టుకు తిరిగిన రివాల్వర్ అది. తనెక్కిన గుర్రం కూలి చచ్చినా దాన్ని మాత్రం వదల్లేదట. తాత ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎన్నిసార్లు చెప్పాడో!”

జైలు నుంచి వచ్చాక వాడు తల్లి ఇంట్లోంచి తనుండే ట్రెయిలర్ ఇంటికి పట్టుకెళ్లింది అదొక్కటే. పక్కవాడితో గొడవైతే సర్దిచెప్పడానికి వచ్చిన షెరిఫ్ పోలీసులకి గోడమీద అదే కనిపించింది.

“నిపుణులు కూడా పొరపాటు పడతారు,” అంది వెర్నా, చేతిసంచీ పట్టీని మెలిపెడుతూ.

“నామీద నమ్మకం నీకెప్పుడుంది గనక! పిలిపించండి ఆ నిపుణుడు హాస్కిన్స్‌నే,” అన్నాడు టకర్ లాయరుతో. “పాత తుపాకుల విషయంలో మోంటానా రాష్ట్రం మొత్తమ్మీద ఆయన మాటకి తిరుగులేదంటారుగా.”

హాస్కిన్స్ వచ్చాడు. అశ్వికదళపు రివాల్వర్లు పోగుచెయ్యడమే బతుకుగా బతికిన ముసలాయన. కోర్టులో తెల్ల చేతితొడుగులు వేసుకుని, పసిపిల్లని ఎత్తుకున్నట్టు రివాల్వర్‌ని ఎత్తుకున్నాడు. భూతద్దం పెట్టి గొట్టం చూశాడు. మర ఊడదీసి పిడి చెక్క విప్పాడు. టకర్ గర్వంగా తల్లివైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు.

“సైన్యం తీసుకునే ప్రతి రివాల్వర్ పిడిమీదా తనిఖీ అధికారి తన పొడి అక్షరాలు ముద్ర కొట్టేవాడు,” మొదలుపెట్టాడు హాస్కిన్స్. “చేతిలో నలిగేకొద్దీ చెక్కతోపాటు ఆ ముద్రా అరుగుతుంది. ఇక్కడ చెక్క అరిగింది, ముద్ర అరగలేదు. అంటే ముందు చెక్కని అరగదీసి, తర్వాత ముద్ర కొట్టారన్నమాట. ఈ తుప్పు కూడా యాసిడ్ పూసి తెప్పించిందే. ఇది ఈ మధ్యకాలంలో చేసిన నకలు. కాకపోతే, తూటా పెడితే పేలుతుంది.”

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. టకర్ లేచి నిలబడిపోయాడు.

“అంటే మా తాత అబద్ధాలకోరా?”

జడ్జి బల్లమీద కొట్టాడు. హాస్కిన్స్ మాత్రం నెమ్మదిగానే చెప్పాడు. “మీ తాత ఏం చెప్పాడో నాకు తెలీదు బాబూ. ఈ తుపాకీ చెప్పిందే నేను చెప్పాను.”

“ఇది నకలని మావాడికి తెలియదు,” అని ప్రూయిట్ చివరిదాకా వాదించింది. జ్యూరీ నమ్మలేదు. దోషి అన్నారు.

బేడీలు వేసి తీసుకెళ్తుంటే టకర్ తల్లి ముందు ఆగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“నువ్వే గెలిచావమ్మా. ముసలాడు బతికినన్నాళ్లూ కోతలే కోశాడు. అమోసూ లేడు, గుర్రమూ లేదు. ఇంటికెళ్లగానే ఆయన ఫొటో తీసి పొయ్యిలో పడెయ్.”

వెర్నా వాడి కోటు అంచులు దగ్గరికి లాగింది. “కోటు గుండీలు పెట్టుకో నాన్నా, బయట మంచు పడుతోంది,” అని మాత్రం అంది.

వాడు వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

వాడి మొదటి కేసుకి లాయర్ని పెట్టడం కోసం అమోస్ రివాల్వర్‌ని అమ్మేసి, వాడు జైలు నుంచి తిరిగొచ్చేసరికి గోడ బోసిగా కనిపించకూడదని ఈ నకలుని వెతికి కొనితెచ్చి తగిలించింది వెర్నాయే.