జపాను పరీక్ష

“నాటకమే కదా తాతబాబూ, తొక్కి ముందుకు నడవవయ్యా,” అన్నాడు శ్రీరామ్మూర్తి.

పెందుర్తిలో ఆయన నడిపే బడి వార్షికోత్సవానికి సిబ్బందితో వేయిస్తున్న నాటకం అది. నాలుగు వందల ఏళ్ల కిందట జపానులో కొందరు సమురాయ్ ప్రభువులు క్రీస్తును నమ్ముకున్నారు. కత్తిపిడి మీద సిలువ చెక్కించుకున్న మొనగాళ్లు. తరువాత దేశాన్నేలే పెద్ద దొరలు కన్నెర్రజేశారు. చాటుగా ప్రార్థన చేసేవాళ్లను పట్టుకోవడానికి క్రీస్తు బొమ్మను నేల మీద పెట్టి తొక్కమన్నారు. తొక్కనివాడు దొరికిపోయినట్టే.

ఆ కథ చదివాక శ్రీరామ్మూర్తికి నిద్ర పట్టలేదు. తమ్ముడు మతం మారి ఇల్లు విడిచినప్పటి నుంచీ చర్చి పేరెత్తితే ఆయన అగ్గి మీద గుగ్గిలం. ఇప్పుడు తన బడిలోనే ఒకరు చాటుగా ప్రార్థనకు వెళ్తున్నారని కబురు. ఎవరో తేలితే ఆ రోజే గెంటేస్తానని అందరి ముందూ చెప్పాడు. అందుకే రిహార్సల్లో అట్టముక్కకు బదులు నిజమైన యేసు పటమే పెట్టించాడు.

సమురాయ్ వేషం కట్టిన తాతబాబు డ్రిల్లు మాస్టారు. అంత మనిషీ పటం దాకా వచ్చి ఆగిపోయాడు.

“నా వల్ల కాదు సార్. ఎవుల దేవుడైతే ఏటి, కాలెట్టగలమా?”

సుధారాణి టీచరు కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పటాన్ని దాటబోయింది. బొటనవేలు అంచుకు తగిలేసరికి వంగి, తాకి, కళ్లకద్దుకుంది. ఆయా నూకాలైతే చుట్టూ తిరిగి వెళ్లి, కళ్లు పోతాయి బాబూ అని ఆయనకే బుద్ధి చెప్పింది.

శ్రీరామ్మూర్తికి ఒళ్లు మండిపోయింది. ఒకరిని పట్టుకుందామంటే ముగ్గురు తేలారు. కూడబలుక్కుని మతం పుచ్చుకున్నారా అని నోటికొచ్చినట్టు తిట్టి, రేపటి నుంచి ముగ్గురినీ బడికి రావద్దన్నాడు.

ఇక మిగిలింది తెలుగు చెప్పే రాధ. ఆమె తలెత్తుకుని వచ్చి, పటం నడిమధ్యన పాదం మోపి, ఏమాత్రం తడబడకుండా ఆవలికి వెళ్లింది.

“మన ఆడపిల్లంటే ఇలా ఉండాలి,” అన్నాడు శ్రీరామ్మూర్తి. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఇకమీదట హెడ్మిస్ట్రెస్సు నువ్వేనని, బడిలో అందరి మీదా ఓ కన్నేసి ఉంచమని చెప్పాడు. రాధ తలూపింది.

అందరూ వెళ్లారనుకుని ఆయన హాలుకు తాళం వెయ్యడానికి వచ్చాడు. లోపల రాధ మోకాళ్ల మీద కూర్చుని, పటం మీద పడ్డ తన పాదముద్రను కొంగుతో తుడుస్తోంది. ఆమె గొంతు గుమ్మం దాకా వినిపించింది.

“కూడు పోతాదని తొక్కీసాను ప్రభువా.”